ఎవరూ తట్టని మట్టి

పంపులో నీళ్ళు పారాలంటే పంపు లోపల ఖాళీ ఉండాలి. కరిగిన ఇనుమును అచ్చులో పోసినంత మాత్రాన ఆ ఖాళీ దానంతటది రాదు. ఇసుకతో ముద్ద చేసి, కాల్చి గట్టిపరిచి, అచ్చు మధ్యలో నిలబెడతారు. ఇనుము దాని చుట్టూ గడ్డకడుతుంది. చల్లారాక ఆ ముద్దను పొడిచి రాల్చేస్తారు. అది పోయిన చోటే ఖాళీ. ఆ ముద్దను కోరు అంటారు.

ఇసుకక్క పెళ్ళికి ముందునుంచి జుట్టు నెరిసేదాకా పోత కార్ఖానాలో కోర్లు చేసింది. ఏం పని చేస్తావమ్మా అని ఎవరైనా అడిగితే, "ఖాళీలు చేస్తాను" అనేది. అడిగినవాళ్ళు తెల్లమొహం వేస్తే లోపల్లోపల నవ్వుకునేది. నవ్వు పక్కన పెడితే అందులో ఒక దిగులు కూడా ఉండేది. ఇన్నేళ్ళ చేతిపనిలో ఒక్క ముద్దా మిగల్లేదు. బయటికి పోయే ప్రతి పంపూ, ప్రతి కుళాయీ ఆమె చేసినదాన్ని పగలగొట్టాకే బయటికి పోయింది.

ఆమె పనంతా వేళ్ళలో ఉండేది. ఇసుక గుప్పిట్లోకి తీసుకుని ఒకసారి నొక్కి వదిలితే, తడి ఎక్కువైందో తక్కువైందో, బంకమట్టి సరిపోయిందో లేదో చెప్పేసేది. ముద్ద తయారయ్యాక చివర్లో అరచేత్తో ఒక తట్టు తట్టేది. పని నేర్పిన ముసలావిడ ఆ తట్టు నేర్పడానికే నెలలు తీసుకుంది. "నిద్రలో కదిలిన పసిపిల్లని తట్టినట్టుండాలి. గట్టిగా తట్టావా, పగులుతుంది. తట్టకుండా పంపావా, ఇనుము దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది" అనేది. ఆ అలవాటు ఇసుకక్క ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, ఇంట్లో బియ్యం డబ్బా నింపినా మూత పెట్టేముందు ఒక తట్టు తట్టేది. ఉతికి మడిచిన బట్టల దొంతర మీద ఒకటి. దిండు మీద ఒకటి.

కోర్లు చేసే మిషన్లు వచ్చాక కార్ఖానాలో ఆడవాళ్ళ బల్లలు తీసేశారు. అప్పటికే అక్కణ్ణుంచి వెళ్ళిపోయిన ఫిట్టరు ఒకతను ఊరి చివరి పరిశోధనశాలలో చేరి ఉన్నాడు. ఓ రోజు అతనే ఇంటికొచ్చి, "అక్కా, మా దగ్గర మట్టి కలిపే పనుంది, వస్తావా?" అన్నాడు.

"ఇల్లు కడుతున్నారా?"

"కాదు. ఆకాశంలో రాళ్ళుంటాయి చూడు, గ్రహశకలాలు. వాటి మీద మట్టి ఎలా ఉంటుందో అలాంటి మట్టి ఇక్కడ చెయ్యాలట."

ముందు గదిలో కుట్టుమిషను తొక్కుతున్న ఆమె భర్త కాలు ఆపాడు. ఆయన దర్జీ. మాట్లాడేది తక్కువే కానీ మాట్లాడితే మాత్రం ఊరుకోడు. "ఇక్కడి మట్టి చాలక అక్కడి మట్టి కూడానా? ఇంట్లో ఊడ్చి ఎత్తేది సరిపోకపోతే చెప్పమను, రోజూ పంపిస్తాను" అన్నాడు.

ఆమె మర్నాడే వెళ్ళింది.

పరిశోధనశాల అంటే అద్దాల మేడ అనుకుంది. వెళ్ళి చూస్తే రేకుల షెడ్డు. పైన అడ్డదూలం, దూలానికి కప్పీ, కప్పీ మీదుగా సన్నటి ఇనుప తాడు. తాడుకి ఒక కొసన ఎండ్రకాయలాంటి యంత్రం వేలాడుతోంది, రెండో కొసన దాదాపు అంతే బరువున్న ఇనుప బిళ్ళలు. కింద మంచమంత వెడల్పున్న తొట్టి. ఆ తొట్టి నింపడమే ఆమె పని.

అక్కడ పెద్ద ఇంజనీరు ఒక మేడం. నలభై దాటని మనిషి, మోచేతుల దాకా గ్రీజు. మొదటి రోజే ఇసుకక్కని స్టూలు మీద కూచోబెట్టి విషయమంతా చెప్పింది. సూర్యుడి చుట్టూ తిరిగే అలాంటి రాళ్ళు లక్షల్లో ఉన్నాయట. కొన్నింటిలో ఇనుము, నికెలు ఉంటాయి. కొన్నింటి మట్టిలో నీరు ఇమిడి ఉంటుంది. ఆ మట్టిని వేడిచేస్తే నీళ్ళొస్తాయి, నీటిని విడగొడితే రాకెట్లకు ఇంధనమవుతుంది. ఆకాశంలో దూరాలు పోవాలంటే ప్రతి చుక్కా కిందనుంచి మోసుకుపోవడం అయ్యే పని కాదు. దారిలో దొరికేదాన్ని దారిలోనే వాడుకోవాలి.

"మరి తవ్వుకోవడానికేం?" అంది ఇసుకక్క.

"తవ్వడమే రాదక్కా మాకు" అంది మేడం. "మనం ఇక్కడ గునపం వేస్తే మన బరువే దాన్ని లోపలికి దింపుతుంది. అక్కడ బరువనేదే లేదు. డ్రిల్లు మట్టిని కిందికి నొక్కిందంటే మట్టి డ్రిల్లుని పైకి తోసేస్తుంది. యంత్రం మొత్తం గాల్లోకి లేచి, అలాగే పోతుంది. గాలి కూడా లేదనుకోండి. అందుకని తవ్వడానికి ముందు పట్టుకోవడం రావాలి. అదీ రాయి కాదు పట్టుకోవడానికి. చూడ్డానికి కొండలా ఉంటుంది గానీ, బండలూ గులకలూ దుమ్మూ అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని తిరుగుతున్న కుప్ప. మీరు అక్కడ నిలబడి ఒక్క గెంతు గెంతితే ఇంక కిందికి రారు."

"నన్ను పంపండి మేడం" అన్నాడు ఫిట్టరు, బోల్టు బిగిస్తూనే. "మా ఆవిడ మీ పేరు చెప్పుకుని సుఖంగా ఉంటుంది."

ఎండ్రకాయ కాళ్ళకు మరలున్నాయి. జత కాళ్ళలో ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు తిరుగుతూ మట్టిలోకి దిగుతాయి, యంత్రం గిర్రున తిరిగిపోకుండా. అవి దిగాక ఇనుప తాడుని పైకి లాగి, ఎంత లాగితే ఊడొస్తుందో చూస్తారు. అవతల కొసన బిళ్ళలు ఉండబట్టి, అంత యంత్రమూ తొట్టిలో మట్టి మీద కాగితం ముక్కంత బరువుతో కూచుంటుంది.

ఇసుకక్క మట్టి కలపడం మొదలుపెట్టింది. నల్లరాతి పొడి, బంకమట్టి, ఇనపరాయి పొడి, కాస్త బొగ్గు. ఏది ఎంతో మేడం చెప్పేది. ఎలాగో ఇసుకక్క చూసుకునేది. అదిరే బల్లకి బిగించిన జల్లెళ్ళ మీద రోజంతా జల్లించి, గులకని గులకగా, రవ్వని రవ్వగా, దుమ్ముని దుమ్ముగా విడదీసి, మళ్ళీ కలిపేది. ఫిట్టరు దానికి దొంగమట్టి అని పేరు పెట్టాడు. "ఇసుకక్కా, దొంగమట్టి అయిందా?" అని అరిచేవాడు షెడ్డు అవతలనుంచి. "అసలుదొంగవి నువ్వుండగా మట్టికి ఆ పేరెందుకురా" అనేది ఈమె.

తొట్టి నింపాక బద్దతో సాపు చేసి, చివర్లో అరచేత్తో అంతటా మెల్లగా తట్టేది. అలా తట్టమని ఎవరూ చెప్పలేదు, మానమనీ ఎవరూ అనలేదు.

పనిలో పడ్డాక ఆమెకొక కోరిక పుట్టుకొచ్చింది. ఇంత చేస్తున్న దొంగమట్టికి అసలు ఎక్కడో ఉంది. దాన్ని ఒక్కసారి వేళ్ళ మధ్య నలిపి చూడాలి. ఓ రోజు టీ తాగుతూ అడిగింది. "మేడం, ఆ మట్టి ముట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"రెండు మూడు రాళ్ళనుంచి కొద్దికొద్దిగా తెచ్చారక్కా, వేరే దేశాలవాళ్ళు. గాలి తగలకుండా గాజుపెట్టెల్లో పెట్టుకుని, పెట్టెకి బిగించిన తొడుగుల్లో చేతులు దూర్చి చూస్తారు."

"తొడుగు ఉంటే ఉండనీ. పల్చటిదైతే తెలుస్తుంది."

మేడం ఆమె మొహంలోకి చూసి నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. "మన ఎండ్రకాయ వెళ్ళొస్తే గుప్పెడు తెస్తుంది. వచ్చిన రోజున ముందు మీరే చేతులు పెట్టండి. మన మట్టి సరిగ్గా కలిపామో లేదో మీరు చెప్పాకే మేం కాగితాలు రాసుకుంటాం."

ఆ మాట మేడం మాటవరసకి అనలేదు. అక్కడ అందరి ముందూ మళ్ళీ చెప్పింది. ఇసుకక్క ఆ రోజు ఇంటికి నడిచే వెళ్ళింది, బస్సెక్కడం మర్చిపోయి. ఇన్నేళ్ళూ ఆమె ముట్టుకున్న ఇసుకని తనకంటే ముందు ఎందరో తవ్వారు, మోశారు, తొక్కారు. పుట్టినప్పటినుంచి మనిషి చెయ్యి గానీ, వాన గానీ, గాలి గానీ తగలని మట్టి ఎలా ఉంటుంది? దుమ్ములా జారుతుందా? పిండిలా అంటుకుంటుందా? గుప్పిట మూస్తే వేళ్ళ గుర్తులు నిలుస్తాయా? కూర తరుగుతూ ఇదే ఆలోచన, తల దువ్వుకుంటూ ఇదే ఆలోచన. పరాకుగా రెండు వేళ్ళూ గాలిలోనే నలుపుతూ కూచునేది. భర్త చూసి, "మళ్ళీ పైకెళ్ళిందిరా ఈవిడ" అని కత్తెరతో చెప్పుకునేవాడు.

ఎండ్రకాయ మొదట్లో ఘోరంగా ఊడొచ్చేది. మరల కోణం మార్చారు. కాస్త మెరుగైంది. పళ్ళ వెడల్పు మార్చారు. ఇంకాస్త మెరుగైంది. కాళ్ళు పొడుగు చేశారు. ఈసారి తాడు బిగుసుకుని కిర్రుమంది గానీ ఎండ్రకాయ కదల్లేదు. ఎండ్రకాయ పట్టు ఎంతో చూసుకోవడానికి మేడం గోడ మీద గీసుకున్న గీత నెలనెలకీ పైకెక్కింది. ఎండ్రకాయని పంపాలనుకున్న రాయి భూమికి దగ్గరగా వచ్చే రోజులు ముంచుకొస్తున్నాయి. ఈసారి తప్పితే మళ్ళీ పదేళ్ళ పైమాటే. వెళ్ళి రావడానికి ఇంకొన్నేళ్ళు. పంపాలా వద్దా అని తేల్చే పెద్దలు వచ్చే వారం షెడ్డుకి వస్తున్నారని కబురొచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే గుండుసూది సంగతి బయటపడింది.

దర్జీ ఇంట్లో గుండుసూదులు నేలమీద దొరకడం మామూలే. ఇసుకక్క పొద్దున్నే చాప దులిపి వచ్చి భర్తకి టీ గ్లాసు అందించింది. ఆయన గ్లాసు తీసుకోకుండా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇదేంటి?"

చూపుడువేలి కొసన గుండుసూది సగందాకా దిగబడి ఉంది. ఆమె దాన్ని ఎవరిదో వేలన్నట్టు చూసింది.

"నొప్పి లేదా?"

"లేదు."

ఆయన సూది లాగేసి, రక్తపు బొట్టు తన తువ్వాలుతో అద్ది, చొక్కా వేసుకుని ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు ఆమె వేళ్ళని దూదితో రాశాడు, సూదితో పొడిచాడు, చల్లటి చెంచా ఆనించాడు. కళ్ళు మూసుకుని చెప్పమన్నాడు. చాలాచోట్ల ఆమె ఏమీ చెప్పలేదు. అరచేతిలో సగం దాకా అంతే.

"అదిరే బల్ల దగ్గర ఎన్నాళ్ళుగా పని?" అన్నాడు. పోత కార్ఖానాలో కూడా అదిరే బల్లే. "నరాలమ్మా. మెల్లిమెల్లిగా పోయింది కాబట్టి మీకు తెలియలేదు. పోయింది రాదు. ఆ బల్ల వదిలేస్తే ఉన్నది ఇంకొన్నాళ్ళు ఉంటుంది. అయిదారేళ్ళు ఉంటే మంచిదే."

బయటికొచ్చాక ఆమె మనసులో ఒకటే కూడిక. ఎండ్రకాయ ఇప్పుడు వెళ్తే, మట్టితో తిరిగొచ్చేసరికి ఎడమచేతి చిటికెన వేలైనా మిగిలి ఉండొచ్చు. ఇప్పుడు తప్పితే ఏదీ ఉండదు.

భర్త రోడ్డు దాటుతూ వాతావరణం తేలిక చేద్దామని, "అదీ సంగతి. నన్ను నిద్రలేపడానికి భుజం మీద తడతావు చూడు, ఏడాదిగా అనుకుంటున్నాను, ఈవిడకి నా మీద ఇంత కోపమేంటా అని. తట్టావో కొట్టావో తెలియక చస్తున్నాను" అన్నాడు.

"అంత గట్టిగానా?"

"మొన్నటిది ఇంకా సలుపుతోంది."

ఆమె నవ్వింది. పది అడుగులు వేశాక నవ్వు ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం షెడ్డులో పెద్దల కోసం తొట్టి నింపింది. బద్దతో సాపు చేసింది. అరచెయ్యి ఎత్తి, దించలేదు. ఎత్తిన చేతిని అలాగే ఉంచుకుని ఫిట్టర్ని పిలిచింది.

"తమ్ముడూ, నీ చెయ్యి ఇలా బల్ల మీద పెట్టు."

"జాతకం చెప్తావా?"

"పెట్టు."

అతను బోర్లా పెట్టాడు. తొట్టిలో రోజూ తట్టినట్టే, తనకి తెలిసిన మెత్తటి తట్టు ఒకటి అతని చేతి మీద తట్టింది. ఫిట్టరు చెయ్యి లాక్కుని ఊదుకున్నాడు. "అమ్మో. చెయ్యా అది, సమ్మెటా? నేనేం చేశానక్కా?"

"ఏం లేదు. పో."

అతను గొణుక్కుంటూ పోయాడు. ఇసుకక్క స్టూలు మీద కూలబడింది. అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ మట్టిలో బంకమట్టి ఉంది. నొక్కితే పైన రెండు మూడు అంగుళాలు పెంకు కడుతుంది. మరలు పట్టేది ఆ పెంకునే. వేళ్ళు మొద్దుబారిన కొద్దీ, తట్టినట్టు తనకి తెలియాలంటే ఇంకాస్త గట్టిగా తట్టాల్సి వచ్చింది. నెలనెలకీ గోడ మీద పైకెక్కింది ఎండ్రకాయ బలం ఒక్కటే కాదు. అందులో తన చెయ్యి కూడా ఉంది. ఏది ఎంతో ఎవరికి తెలుసు?

ఆకాశంలో ఉన్న ఆ కుప్ప మీద మట్టిని తట్టినవాళ్ళు ఎవరూ లేరు.

టీ వచ్చింది. గ్లాసు ముందు పెట్టుకుని కూచుంది. ఎవరు చూడొచ్చారు, అక్కడి మట్టి కూడా కాస్త గట్టిగానే ఉందేమో. మట్టి తెప్పించుకున్న దేశాలవాళ్ళు ఒకచోట మెత్తగా ఉందన్నారు గానీ, అన్ని రాళ్ళూ ఒకలాగే ఉండాలని ఎక్కడుంది? ఈ వారం ఒక్కసారి తడితే చాలు. పెద్దలు చూస్తారు, సరే అంటారు. ఎండ్రకాయ వెళ్తుంది. అది దిగిన చోట గట్టిమట్టి ఉంటే గుప్పెడు తెస్తుంది. ఆ గుప్పెడులోకి తన చిటికెన వేలు దిగుతుంది. లేదంటే, ఇన్నేళ్ళు పోయి, ఎక్కడో చీకట్లో కాళ్ళు తిప్పుకుంటూ పైకి లేచిపోతుంది. దాన్ని వెనక్కి రమ్మనేవాళ్ళు కూడా ఉండరు. మేడం ఇక్కడ కూచుని తెర మీద చూస్తుంది. మరల కోణంలో తప్పెక్కడుందా అని జీవితాంతం వెతుక్కుంటుంది.

టీ చల్లారి మీగడ కట్టింది. ఆమె లేచి మేడం దగ్గరికి వెళ్ళింది.

మేడం ఎండ్రకాయ కింద పడుకుని ఉంది. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"మేడం, ఒకసారి బయటికి రండి."

"చెప్పండక్కా, వింటున్నాను."

"మీ మొహం చూసి చెప్పాలి."

మేడం జారుకుంటూ బయటికొచ్చి కూచుంది. ఇసుకక్క గుండుసూది దగ్గర మొదలుపెట్టి, డాక్టరు, భర్త భుజం, ఫిట్టరు చెయ్యి, అన్నీ వరసగా చెప్పింది. చెప్పడం అయ్యేసరికి మేడం చేతిలో ఉండాల్సిన స్పానరు నేలమీద ఉంది.

"రోజూ చూశాను" అంది మేడం. "మీరు తడుతుంటే పక్కనే నిలబడి రోజూ చూశాను. ఎంత ముచ్చటగా చేస్తారో అనుకున్నానే తప్ప, ఆ తట్టు మట్టిని ఏం చేస్తుందో ఆలోచించలేదు. ఇక్కడి బరువుకి మట్టి తనంతట తాను ఎంత అణుగుతుందో లెక్క కట్టాను, దాన్ని తీసేశాను. చెయ్యి లెక్కలోకి రాలేదు."

"నాదీ అంతే. అదొక పని చెయ్యడమని నాకెప్పుడూ అనిపించలేదు."

"తట్టకుండా నింపితే ఏమవుతుందో?"

"చూద్దాం."

మట్టి పోసేటప్పుడు కూడా చెయ్యి తగలకూడదు కదా అని, తొట్టి మీద ఎత్తున జల్లెడ వేలాడగట్టి తాడుతో ఊపారు. మట్టి మంచులా రాలింది. బద్ద కూడా వెయ్యలేదు. గుంటలూ మెట్టలూ అలాగే ఉండిపోయాయి. ఆ గరుకు చూస్తుంటే ఇసుకక్క అరచేతులు దురదపెట్టాయి. చీర కొంగు చేతులకు చుట్టుకుని నిలబడింది.

ఫిట్టరు ఎండ్రకాయని దించాడు. మరలు తిరిగాయి. గులకలు ఎగిరి తొట్టి అంచులకు టపటపా తగిలాయి. కాళ్ళు తమ చుట్టూ తామే గుంటలు తవ్వుకున్నాయి, పట్టు మాత్రం దొరకలేదు. తాడు లాగక్కర్లేకపోయింది. తిరుగుతున్న మరలే యంత్రాన్ని పైకి తోశాయి. ఎండ్రకాయ మెల్లగా లేచి, కాళ్ళు తిప్పుకుంటూ, వాళ్ళ కళ్ళ ఎత్తున వేలాడింది.

ఫిట్టరు ఏదో జోకు వెయ్యబోయి, ఇద్దరి మొహాలూ చూసి, స్విచ్చి ఆపేశాడు.

"నాలుగు రకాలుగా మళ్ళీ చూద్దాం" అంది మేడం. చూశారు. రెండు రోజులు అదే పని. ఒకసారి కాస్తసేపు పట్టుకుంది, మిగతా అన్నిసార్లూ లేచింది. మేడం గోడ దగ్గరికి వెళ్ళి, పైకెక్కిన గీతని కాసేపు చూసి, చెరపకుండా దాని పక్కనే ప్రశ్నార్థకం పెట్టింది.

పెద్దలు వచ్చారు. మేడం వాళ్ళకి రెండు తొట్లూ చూపించింది, తట్టినదీ తట్టనిదీ. తట్టిందెవరని వాళ్ళలో ఒకాయన అడిగితే, "మేమే" అంది. ఆ రాకెట్టులో వాళ్ళ చోటు ఇంకెవరిదో పరికరానికి ఇచ్చారు.

ఆ సాయంత్రం ఇసుకక్క ఇంటికెళ్ళి, విషయం చెప్పి, చాప మీద కూచుంది. దర్జీ మిషను ఆపాడు.

"చెప్పకపోతే పోయేదిగా" అన్నాడు.

"మీరైతే చెప్పకుండా ఉండేవారా?"

"కొలత తప్పానని తెలిసి కూడా పెళ్ళికొడుకుని ఆ కోటుతోనే పంపమంటావా?" అని, "అది కాదు. నీకంటూ ఏదీ మిగల్లేదని" అన్నాడు.

ఆయన లేచి, ఆమె పక్కన చతికిలబడి, నేలమీద గుండుసూదులు ఏరడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో కింద సూది ఉండడం ఎవరూ చూడలేదు.

షెడ్డులో పని ఆగలేదు. మరలతో కాదని, దూరంనుంచి వల విసిరి గులకల్ని గుప్పెడుగా చుట్టేసి, ఆ గుప్పెడునే లంగరుగా వాడుకోవచ్చా అని మేడం కొత్త బొమ్మలు గీస్తోంది. కుదురుతుందో లేదో తనకే తెలియదంటోంది. అదిరే బల్ల దగ్గరికి ఇసుకక్కని రానివ్వడం లేదు. ఆ బల్లకి ఫిట్టరు రబ్బరు బిళ్ళలు వేసి, మోటారుతో దూరంనుంచి నడిచేలా చేశాడు. ఇసుకక్క ఇప్పుడు కళ్ళతోనే మట్టి చూస్తోంది. గాజుపలక మీద పోసి, జారే వాలుని బట్టి చెబుతోంది. చాలావరకు సరిపోతోంది. ఒక్కోసారి పొరబడుతోంది. పొరబడినప్పుడు మేడం లెక్క కట్టి చెబితే, మళ్ళీ కలుపుతోంది.

ఆ రాయి భూమికి అన్నిటికంటే దగ్గరగా వచ్చిన రోజున ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పొద్దున వలతో ఒక పరీక్ష చేశారు. మధ్యాహ్నం మేడం, ఫిట్టరు భోజనానికి కూచున్నారు. పరీక్ష అయిపోయిన తొట్టి ఖాళీ చెయ్యాల్సి ఉంది. ఒక మూల వల పడని చోట మట్టి రాలినట్టే ఉంది, మెత్తగా, ఎగుడుదిగుడుగా.

ఇసుకక్క రవిక చెయ్యి భుజందాకా మడిచింది. డాక్టరు దూదితో రాసినప్పుడు మోచేతి మడత దగ్గర, ముంజేతి లోపలివైపు, రాసిన ప్రతిసారీ చెప్పగలిగింది. ఆ చోటుని మట్టి మీద ఆనించింది. నొక్కలేదు. చెయ్యి బరువుకే అది దిగింది. చుట్టూ ఉన్నది తప్పుకుని దారిచ్చి, మళ్ళీ వచ్చి కప్పుకుంది. చల్లగా ఉంది. గులక ఒకటి జారి మోచేతి గుంటలో ఆగింది. దాని వెనకే దుమ్ము. ఏదీ దేన్నీ పట్టుకుని లేదు. ఆమె కళ్ళు మూసుకుంది. అది దొంగమట్టే, తన చేత్తో తనే కలిపిన మట్టే. అయినా పుట్టాక మనిషి చెయ్యి పడనిదేదో ఇలాగే ఉంటుందనీ, ఇంకా తేలిగ్గా, ఇంకా చల్లగా ఉంటుందనీ, ఇంతకంటే దగ్గరికి తను వెళ్ళబోదనీ ఆమెకి తెలుస్తూనే ఉంది.

వెనకనుంచి ఫిట్టరు పార పట్టుకుని వచ్చాడు. "తియ్యక్కా, తొట్టి ఖాళీ చెయ్యాలి."

"ఉండు" అంది ఇసుకక్క. "ఇంకాసేపు ఉండనీ."

అతను పార గోడకి ఆనించి, చప్పుడు కాకుండా బయటికి వెళ్ళి నిలబడ్డాడు.